పాత మూత, కొత్త మూత

ఆ మధ్యాహ్నం నేను చెప్పవలసిన మాట చాలా చిన్నది. "అత్తా, ఇకమీద ఒకటి కాదు, రెండు మూతలు కలుపు." అంతే. ఆమె ఇల్లు మా అంగడికి నాలుగు గుమ్మాల అవతల. చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి చెప్పి రావచ్చు. నేను వెళ్లలేదు. మరచిపోయి కాదు, తీరిక లేక కాదు. అంతకు కాసేపటి ముందే ఆమెను నలుగురిలో నవ్వులపాలు చేసి ఉన్నాను. ఆ వెంటనే వెళ్లి తప్పు నాదేనని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. ఒక చూడి ఆవు చావడానికి, ఒక మనిషికి తన చేతి మీద తనకే నమ్మకం పోవడానికి ఆ నామోషీ సరిపోయింది.

ముత్తియాల్‌పేటలో మా వీధివాళ్లు ఈ సంగతిని ఇంకోలా చెప్పుకుంటారు. ఆమె కొట్టం మురికిదని, అందుకే ఆవుకు జబ్బు చేసిందని. ఆ కథ అల్లింది నేనే. అల్లినవాడు తప్ప ఇంకెవడూ దాన్ని విప్పలేడు కాబట్టి నేనే విప్పుతున్నాను.

మాది పశువుల దాణా అంగడి. తవుడు, నూనెగింజల చెక్క, పొట్టు, ఉప్పు, ఒక పక్క అలమరలో పశువుల మందులు. తాత పెట్టాడు, నాన్న నడిపాడు, నేను కూర్చున్నాను. కూర్చోవడం తప్ప నేను చేసింది పెద్దగా లేదు. ఊరు పెరిగి కొట్టాలు తగ్గినా, సందుల్లో రెండు మూడు ఆవులు కట్టుకుని పాలు పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. చుట్టుపక్కల పల్లెల్లో సేద్యం చేసే మా తెలుగువాళ్లు మోపెడ్ల మీద వస్తారు. వాళ్లందరికీ నేను సగం డాక్టరును. ఆ సగం ఎక్కడ చదివానని ఎవరూ అడగలేదు.

మాది తమిళ ఊరు. మావాళ్ల ఇళ్లలో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చదివేవాళ్లు తక్కువ. బడిలో నేర్చింది తమిళం. పెద్దవాళ్లలో చాలామందికి అదీ లేదు. మందు సీసా మీద చీమ తలకాయలంత అక్షరాల్లో ఏముందో వాళ్లు చూడరు. నా నోరు చూస్తారు. పశువుల ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్లకు మందు కొన్నవాడికి "బకెట్టుకు ఒక మూత" అని చెప్పి పంపడం మా అంగడి పద్ధతి. నాన్న అలాగే చెప్పాడు, నేనూ అలాగే చెప్పాను. నాకు తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ చదవడం వచ్చు. ఆ గొప్ప నాకు బాగా ఉండేది. ఆ సీసాను మాత్రం ఏ భాషలోనూ చదవలేదు.

ఒకసారి వచ్చిన సరుకులో ఆ మందు సీసా మారింది. సన్నగా, పొడుగ్గా, మీద పచ్చరంగు కాగితంతో. రంగు బాగుందనుకున్నాను. నా పరిశీలన అంతటితో సరి.

అత్త అంటే నాకు చుట్టరికం ఏమీ లేదు. వీధిలో నా ఈడువాళ్లందరికీ ఆమె అత్తే, ఆమెకు మేమందరం అల్లుళ్లమే. అరవై దాటిన మనిషి. ఇంటి వెనక రేకుల కొట్టంలో మూడు జెర్సీ ఆవులు. తెల్లవారగానే మా వీధిలో ఇళ్లకూ, యాత్రికులు దిగే వైట్ టౌన్‌లో ఒక గెస్ట్‌హౌస్‌కూ పాలు పోసేది. ఆ మూడు ఆవులే ఆమె బతుకు. ఎవరినీ దేబిరించకుండా, ఎవరి మాటా పడకుండా బతకడానికి ఆమె చేసుకున్న ఏర్పాటు అది. నాలుక పదును. నన్ను చూస్తే ఇంకొంచెం పదును పెట్టేది. నాకది ఇష్టంగానే ఉండేది, వినేవాళ్లు లేనప్పుడు.

ఆ రోజు వినేవాళ్లు ఉన్నారు. ఇద్దరు పల్లె రైతులు, ఇంకా మా అంగడి ముందు ప్లాస్టిక్ కుర్చీలో రోజూ కూర్చునే పెద్దాయన. ఏదో ఆఫీసులో పని చేసి రిటైరయ్యాడు. మా పేపరు చదివి, మా ఫ్యాను కింద చల్లబడి, బదులుగా మాకు నీతులు చెబుతుంటాడు. అత్త కొబ్బరి చిప్ప ఒకటి తెచ్చి నా గల్లాపెట్టె పక్కన పెట్టింది.

"ఇదిగో అల్లుడా, నీ చుట్టాలు వచ్చినారు. పలకరించు."

చిప్పలో గోమార్లు. మా ఇళ్లలో ఉణ్ణీలు అంటాం. రక్తం తాగి ఆముదపు గింజల్లా ఉబ్బినవి కొన్ని, ఇంకా సన్నవి కొన్ని. అన్నీ కాళ్లాడిస్తున్నాయి. ఒకటి చిప్ప అంచు దాకా ఎక్కింది.

"ఏందత్తా ఇది, గల్లా కాడ పెట్టినావు? తియ్యి."

"నిన్న నీ మందు కలిపి మూడిటికీ ఒళ్లంతా తుడిచినాను. ఈపొద్దు పొదుగు కింద ఏరితే ఇన్ని. చచ్చినట్టుండాయా ఇవి? నీ మందు తాగి బలిసినాయి. అడుగు, ఇంకో చెంబు కావాలంటాయేమో."

రైతులిద్దరూ నవ్వారు. పెద్దాయన పేపరు దించి నవ్వాడు. ఆమె మందును అన్నది గానీ నన్ను అనలేదు. ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం ముగ్గురు తాగుబోతులు చొక్కా పట్టుకున్నంత అవమానంగా తోచింది నాకు.

"మందు మీద తప్పు చెప్పొద్దు. ఊరంతా వాడతా ఉండారు. మూతలో సగం పోసి సగం దాచుకుంటే ఉణ్ణి యాడ చస్తుంది?"

"నిండా పోసినాను. నా చేత్తో పోసినాను."

"ఆ చెయ్యే చూస్తా ఉండాను. వణకతా ఉంది. సగం పేడలో పోసుంటావు. ముందు పొయ్యి కొట్టం కడుగు. ఆమీద అంగడికొచ్చి మాకు చెబుదువు."

ఈసారి అందరూ ఆమెను చూసి నవ్వారు. పెద్దాయన తన వాటా తాను వేశాడు. "శుభ్రత ముఖ్యమమ్మా. విదేశాల్లో చూడు, కొట్టంలోనే పడుకోవచ్చు." ఆయన చూసిన విదేశం పక్కనున్న విల్లుపురం దాటి ఉండదు.

అత్త తన కుడి చేతిని ఒకసారి చూసుకుంది. వేళ్లు నిజంగానే కొద్దిగా అదురుతున్నాయి. చిప్ప తీసుకుంది.

"సరి, మొదలాళీ" అంది.

మొదలాళి అంటే తమిళంలో యజమాని. నా చిన్నప్పటి నుంచి ఆమె నన్ను అల్లుడా అనే పిలిచింది. ఆ మాట మార్చింది అప్పుడే.

వాళ్లంతా వెళ్లాక, నేనే నెగ్గానన్న ధీమాతో కొత్త సీసా ఒకటి తీసి చూశాను. నా బల్ల మీద గుండుసూదులు వేసుకునే చిన్న గిన్నె ఒకటి ఉండేది. అది అదే మందు పాత సీసా మూత. రెండూ పక్కపక్కన పెట్టాను. గుండుసూదులు బల్ల మీద కుమ్మరించి, పాత మూత నిండా మంచినీళ్లు పట్టి, కొత్త మూతలోకి వంచాను. కొత్తది నిండిపోయింది, పాతదాంట్లో ఇంకా సగం నీళ్లు ఉన్నాయి. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని సీసా మీద రాసింది చదివాను. లెక్క స్పష్టంగా ఉంది. ఈ మూతతో రెండు కలపాలి. నేను ఊరంతటి చేతా సగం మందు కలిపిస్తున్నాను.

అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే నా మీద నాకు జాలి కూడా కలగదు. మరుసటి గంటలో వచ్చినవాడికి "రెండు మూతలు" అని చెప్పాను.

"ముందు ఒకటే గదన్నా?" అన్నాడు.

"ఇప్పటి ఉణ్ణీలకు తోలు మందమైంది" అన్నాను.

అతను తల ఊపాడు. అందరూ తల ఊపారు. పాత కొనుగోలుదార్లు దారిలో కనిపిస్తే ఆపి మరీ చెప్పాను, ఎంతో శ్రద్ధ ఉన్నవాడిలా. నాలుగు గుమ్మాల అవతల ఉన్న మనిషికి మాత్రం చెప్పలేదు. చెబితే, చిప్పలో ఉణ్ణీలు కాళ్లెందుకు ఆడించాయో ఆమెకు తెలిసిపోతుంది. తెలిస్తే ఆమె నాలుక ఊరుకోదు. ఆమె నాలుకకు భయపడి ఆమె ఆవుల్ని ఉణ్ణీలకు వదిలేశాను. ఇంత చిన్న బుద్ధి నాలో ఎలా ఇమిడిందో గానీ, హాయిగానే ఇమిడింది. భోజనం చేశాను, నిద్ర పోయాను.

మూడు వారాలు అయ్యుంటుంది. మూడింటిలో చూడి ఆవు, ఈనడానికి నెల కూడా లేనిది, మేత మానేసింది. ఒళ్లు కాలుతోంది. ఉచ్చ కాఫీ డికాషన్ రంగులో పోస్తోంది. పశువుల డాక్టరు వచ్చాడని తెలిసి వీధి వీధంతా ఆమె గుమ్మం ముందు చేరింది. చేరినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏం జరిగిందో నాకు చూడకముందే తెలుసు. ఇంకెవరికైనా తెలిసిందేమో చూసుకోవడానికి వెళ్లాను.

కొట్టం చూశాను. నేల నీళ్లతో కడిగి, గోడకు సున్నం కొట్టి ఉంది. గోడ నెర్రెల్లో ఉణ్ణీలు గుడ్లు పెడతాయని విని ఒక్కో నెర్రెనూ మట్టితో పూడ్చింది. మా అంగడి వెనక గది కంటే వంద రెట్లు నయం. డాక్టరు ఆవు కంటి రెప్ప తిప్పి చూశాడు. లోపల ఎరుపే లేదు, కాగితంలా తెల్లగా ఉంది. చెవి నుంచి ఒక బొట్టు రక్తం గాజు పలక మీదికి తీసుకున్నాడు.

"ఉణ్ణి జ్వరంలా ఉందమ్మా. ఉణ్ణి కుట్టినప్పుడు దాంట్లో ఉండే క్రిమి రక్తంలోకి ఎక్కుతుంది. రక్తాన్ని పగలగొట్టేస్తుంది. అందుకే ఉచ్చ ఆ రంగు. సూది మందు వేస్తాను గానీ, చూడిది గదా, కష్టమే. ఉణ్ణి మందు వాడలేదా?"

"వాడినాను సార్. వారం వారం."

"సరిగ్గా కలిపినావా? పలచనైతే ఉణ్ణి చావదు. పైపెచ్చు ఆ మందుకు అలవాటు పడిపోతుంది."

ఇదుగో, ఇక్కడ. నేను మూడు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే ఆ మనిషి బరువు దిగిపోయేది, మిగతా రెండు ఆవులకైనా ఆ రోజే సరైన మందు పడేది. అత్త నా వైపు చూడనే లేదు. తన కుడి చేతిని చూసుకుంది.

"నా చెయ్యి వణకతా ఉంటుంది సార్. నిండా పోసినాననే అనుకుంటా ఉండాను. పడిందో లేదో."

డాక్టరు జాలిగా తల ఊపాడు. నేను కూడా ఊపాను. అవును, నేను కూడా.

రెండో రోజు దూడ లోపలే చచ్చి బయట పడింది. మూడో రోజు ఆవు పోయింది. దాన్ని ఎత్తుకుపోవడానికి బండి వచ్చినప్పుడు సందులో ఆటోలు ఆగిపోయి హారన్లు కొట్టాయి. ఆవు కొమ్ములకు కట్టిన పూసల దండ విప్పుకుని అత్త లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం పల్లె నుంచి ఒకడు ఫోన్ చేసి అడిగాడు, మీ మందు మంచిదేనా అన్నా అని. అంగడి పేరు పోతుందనిపించింది. మా వీధికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందరూ ఒకే లిపి చదవలేరు గనుక అందులో ఎవరూ రాయరు, మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడి పంపుతారు. నేనూ నొక్కి పట్టుకున్నాను. "మందులో లోపం లేదు. కొట్టం శుభ్రం లేకపోతే ఏ మందూ పని చెయ్యదు. పాలు పోయించుకునేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి." పేరు చెప్పలేదు. పేరు చెప్పకపోవడం మర్యాద అనుకున్నాను. పెద్దాయన వెంటనే బొటనవేలు గుర్తు పెట్టాడు. ఆయన జీవితంలో తీసుకున్న సాహస నిర్ణయాల్లో అదొకటి.

ఆ కొట్టం గుమ్మం ఎన్నడూ తొక్కనివాళ్లు దాని మురికిని కళ్లకు కట్టినట్టు వర్ణించడం మొదలుపెట్టారు. ఇళ్లు ఒక్కొక్కటిగా ప్యాకెట్ పాలకు మారాయి. గెస్ట్‌హౌస్ కూడా మానేసింది. అక్కడ పల్లెటూరి స్వచ్ఛమైన పాలతో కాఫీ అని రాసిన పలక మాత్రం తీయలేదు, ప్యాకెట్ పాలు పోసి దాని కిందే ఇస్తున్నారు. అత్త రెండో ఆవును అమ్మేసింది. ఒక్కటి మిగిలింది.

తర్వాత జరిగింది చెప్పడమే నాకు అన్నిటికన్నా కష్టం. ఒక ఉదయం ఆమె బకెట్టు నిండా నీళ్లు మోసుకుని మా అంగడికి వచ్చింది. సీసా కూడా తెచ్చింది.

"మొదలాళీ, నువ్వే పోసియ్యి. నా చెయ్యి నమ్మేదానికి లేదు."

నేను సీసా తీసుకుని వెనక్కి తిరిగాను. నా వీపు ఆమెకు అడ్డం పెట్టి రెండు మూతలు పోశాను. ఆమె ఒకటే అనుకుంది. మరుసటి వారం మళ్లీ బకెట్టుతో వచ్చింది.

"ఒక్క ఉణ్ణి లేదు. అన్నీ రాలిపోయినాయి. చూసినావా, నీ చెయ్యి మంచిది."

ఎంతో నిజాయితీగా అంది. ఎగతాళి ఉంటే భరించేవాణ్ణి. అలా ఎన్నో వారాలు ఆమె నీళ్లు తెచ్చింది, నేను వీపు తిప్పాను. దొంగ చాటుగా నేను చేసిన సాయమే ఆమె చేతిని దోషిగా నిలబెట్టింది. నేను పోస్తే ఉణ్ణీలు చస్తున్నాయి, ఆమె పోస్తే చావలేదు. ఇంకేం రుజువు కావాలి?

ఒక రోజు బకెట్టు లేకుండా వచ్చింది. వెనక పశువుల బ్రోకరు, అతని వెనక రోడ్డు మీద ఆ చివరి ఆవు, పలుపుతో సహా.

"తవుడు వద్దని చెప్పేదానికి వచ్చినాను. ఆవును ఇచ్చేస్తా ఉండాను."

"ఎందుకత్తా? పాలిస్తా ఉందే."

"ఎన్నాళ్లని నీ కాడికి బకెట్టు మోసేది? ఉణ్ణి మందు కలపలేని చెయ్యి ఆవును ఏం సాకుతుంది? ఇంకోదాన్ని చంపుకోలేను నాయనా." తర్వాత తనలో తాను అన్నట్టుగా, "నలభై ఏండ్లు పాలు పిండిన చెయ్యి. ఎప్పుడు చెడిందో తెలీనే లేదు" అంది.

బ్రోకరు తొందర పడుతున్నాడు. "అక్కా, ఎండెక్కతా ఉంది, పోదామా?"

నాకు ధైర్యం వచ్చిందని రాయను. నా మీద నాకే అసహ్యం వచ్చింది, అంతే. బల్ల మీది గుండుసూదుల మూత తీసుకున్నాను. సూదులు నేల మీద పడ్డాయి. కొత్త సీసా మూత విప్పాను. చెంబుతో నీళ్లు తీసుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాను. పెద్దాయన కుర్చీలోనే ఉన్నాడు. తవుడు కోసం వచ్చినవాళ్లు ముగ్గురు ఉన్నారు.

"అత్తా, పాత మూత నిండా నీళ్లు పట్టు. ఈ కొత్తదాంట్లో పొయ్యి."

"ఎందుకు? నా చెయ్యి చూపించి అందరికీ నవ్వొచ్చేదానికా?"

"ఒక్కసారి పొయ్యత్తా."

పోసింది. చెయ్యి అదిరింది గానీ, ఒక్క చుక్క కింద పడలేదు. కొత్త మూత నిండింది. పాతదాంట్లో సగం నీళ్లు అలాగే ఉన్నాయి. ఆమె రెండింటినీ మార్చి మార్చి చూసింది. లెక్కల్లో ఆమె మా ఇంటిల్లిపాది కంటే చురుకు.

"ఇదెప్పుడు చిన్నదైంది?"

"నువ్వు చిప్ప తెచ్చినావే, అంతకు ముందే."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ పొద్దే. నువ్వు పోయినాక."

ఆవు తోక విసురుకుంటోంది. పెద్దాయన పేపరు ముఖం దాకా ఎత్తాడు. తప్పు జరిగిన చోట ఆయన ఎప్పుడూ చదువుకుంటూనే ఉంటాడు.

"అయితే నా చెయ్యి..." అంది.

"నీ చెయ్యి సరిగ్గానే ఉండింది. ఉంది. నేను ఇక్కడ నీకు తెలీకుండా రెండు పోస్తా వచ్చినాను."

చెంప మీద కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె మూతలు రెండూ కొంగులో ముడి వేసుకుంది. బ్రోకరు చేతిలోంచి పలుపు లాక్కుంది.

"నువ్వు పోబ్బా. ఆవు లేదు."

"మాట అనుకున్నాం గదక్కా?"

"మాట మార్చేది ఈ వీధిలో మొదలాళి ఒక్కడికే ఉండాల్నా? పో."

తర్వాత నా వైపు తిరిగింది.

"తప్పయిపోయిందత్తా" అన్నాను.

"నాకెందుకు చెప్తావు? ఊరికి చెప్పింది ఫోన్లో గదా. ఆ ఫోన్ తియ్యి. నా సంగతే అని తెలిసేట్టు చెప్పు. నేను ఈడనే నిలబడతాను. చెయ్యి వణకతా ఉంది అన్నావే, ఆ మాటా వదలకుండా చెప్పు."

ఫోన్ తీశాను. గ్రూపు తెరిచి గుర్తు మీద వేలు నొక్కి పట్టుకున్నాను.

"దాణా అంగడి నుంచి మాట్లాడతా ఉండాను. మన వీధిలో పాలు పోసే అత్త కొట్టం మురికి అని ఇదే గ్రూపులో చెప్పినాను. అబద్ధం. ఆ కొట్టం మా అంగడి కన్నా శుభ్రం. ఉణ్ణి మందు సీసాకు మూత చిన్నదైంది. నేను చూసుకోకుండా ఒక మూతే చాలని చెప్పినాను. తెలిసినాక మీకందరికీ రెండని చెప్పినాను, అత్తకు మాత్రం చెప్పలేదు. నవ్వులపాలైపోతానని. చూడి ఆవు పోయింది నా వల్ల. అత్త చెయ్యి వణకతా ఉంది, అందుకే మందు ఒలికింది అన్నాను. ఒక్క చుక్క ఒలకలేదు. ఈపొద్దు అందరి ముందర చూసినాను. అత్తా, నీ ఆవును తెచ్చియ్యలేను. తప్పు నీ చేతిది కాదు, నాది. నన్ను మన్నించు."